తుది మాట ఎవరిది? కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు విడిపోయిన కథ

గుంటూరులోనో విజయవాడలోనో కొద్ది దూరంలోనే రెండు చర్చిలు కనిపించడం మనకు కొత్త కాదు. ఒకదాని మీద ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్ మిషన్) అని ఉంటుంది. ఇంకొకదాని మీద లూథరన్ అనో సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) అనో బాప్టిస్టు అనో ఉంటుంది, ఇవి ప్రొటెస్టెంట్ సంఘాలు. రెండింటి మీదా సిలువే, రెండింటి లోపలా తెలుగే. కానీ చెవి ఒగ్గి వింటే ఆ తెలుగు ఒకటి కాదని తెలుస్తుంది. అక్కడ జ్ఞానస్నానం అన్నదాన్ని ఇక్కడ బాప్తిస్మం అంటారు. అక్కడ ఫాదర్ గారు దివ్యబలిపూజ సమర్పిస్తారు, ఇక్కడ పాస్టర్ గారు ఆరాధన జరిపిస్తారు. అక్కడ దివ్యసత్ప్రసాదం, ఇక్కడ ప్రభురాత్రి భోజనం. అక్కడి బైబిల్లో 73 గ్రంథాలు, ఇక్కడి బైబిల్లో 66.

ఒకే భాషలో ఒకే విశ్వాసానికి రెండు నిఘంటువులు ఎలా వచ్చాయో తెలుసుకోవాలంటే 16వ శతాబ్దపు యూరప్‌కు వెళ్లాలి. మనలో చాలామంది బడిలో చదువుకున్న కథ క్లుప్తంగా ఇది: చర్చి డబ్బు తీసుకుని పాపపరిహార పత్రాలు అమ్మింది, మార్టిన్ లూథర్ ఎదురు తిరిగాడు, ప్రొటెస్టెంట్ మతం పుట్టింది. ఇందులో అబద్ధం లేదు. కానీ తగాదా అంతా డబ్బు గురించే అయితే అది 50 ఏళ్లలో ముగిసిపోవాలి. 1562లో కాథలిక్ బిషప్పుల ట్రెంట్ మహాసభ ఆ పత్రాల కోసం విరాళాలు దండే ఉద్యోగాన్నే రద్దు చేసింది. 1567లో పోపు ఐదవ పయస్ రుసుముతో ముడిపడిన పరిహారాలన్నింటినీ కొట్టేశారు. అయినా చీలిక పూడలేదు. ఇంకా లోతైనది ఏదో తెగిందన్నమాట. అదేమిటో విప్పి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆ పత్రాల సంగతి చూద్దాం. వాటి గురించి ప్రొటెస్టెంట్ ఇళ్లలో చెప్పుకొనే మాట, కాథలిక్ సిద్ధాంతం చెప్పే మాట ఒకటి కావు. పాపానికి రెండు పర్యవసానాలు ఉంటాయని మధ్యయుగపు వేదాంతులు బోధించారు. మొదటిది దోషం. పశ్చాత్తాపపడి పాపసంకీర్తనం చేస్తే, అంటే ఫాదర్ గారి ఎదుట పాపాలు ఒప్పుకుంటే, ఆ గురువు పలికే క్షమాపణతో అది పోతుంది. రెండవది ఆ దోషానికి అనుభవించాల్సిన శిక్ష. దాన్ని ప్రాయశ్చిత్తంతో ఈ లోకంలో తీర్చుకోవాలి, మిగిలితే చనిపోయాక, స్వర్గానికి చేరే ముందు ఉత్తరించు స్థలంలో శుద్ధి కావాలి. క్రీస్తు, పునీతులు ఆర్జించిన పుణ్యనిధి చర్చి ఆధీనంలో ఉందని, దాని నుంచి ఈ శిక్షకు మినహాయింపు ఇవ్వవచ్చని 1343లో పోపు ఆరవ క్లెమెంట్ ప్రకటించారు. 1476లో నాలుగవ సిక్స్‌టస్ ఆ మినహాయింపును చనిపోయినవారి ఆత్మలకూ విస్తరించారు. అంటే పుస్తకంలో ఉన్న ప్రకారం ఆ పత్రం పాపాన్ని క్షమించదు, శిక్షను తగ్గిస్తుంది. సంతలో నిలబడిన రైతుకు ఈ తేడా ఎవరు చెప్పారు? నాణెం పెట్టెలో మోగగానే ఆత్మ పైకి ఎగిరిపోతుందన్నదే అతని చెవిన పడిన ప్రచారం. చనిపోయిన తల్లి అగ్నిలో ఉందని తలచుకునే కొడుకు ఆ మాట విని ఎంత సేపు ఆగగలడు?

1517లో ఆ ప్రచారం వెనుక నడిచిన లావాదేవీ మరీ ఘోరమైనది. బ్రాండెన్‌బర్గ్ రాజకుటుంబానికి చెందిన ఆల్‌బ్రెక్ట్ పాతికేళ్లు కూడా నిండకుండానే మాగ్డెబర్గ్ అగ్రపీఠాధిపతిగా (ఆర్చిబిషప్పుగా) ఉంటూ 1514లో మైంజ్ అగ్రపీఠాన్ని కూడా చేజిక్కించుకున్నాడు. వయసు చాలకపోయినా, ఒకరికి ఒకటికి మించి పీఠాలు ఉండకూడదన్న నియమం అడ్డొచ్చినా, రోమ్‌కు భారీ రుసుము కట్టి అనుమతి తెచ్చుకున్నాడు. ఆ సొమ్మును ఆగ్స్‌బర్గ్ నగరపు ఫుగ్గర్ వడ్డీవ్యాపారులు అప్పు ఇచ్చారు. పత్రాల మీద వచ్చిన ఆదాయంలో సగం రోమ్‌లోని సెయింట్ పీటర్ మహాదేవాలయ నిర్మాణానికి, సగం ఆ అప్పు తీర్చడానికి అన్నది ఒప్పందం. డొమినికన్ సన్యాసి యోహాన్ టెట్జెల్ ఊరూరా తిరిగి ప్రచారం చేశాడు. సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ తన సీమలోకి అతన్ని రానివ్వలేదు. విట్టెన్‌బర్గ్ జనం సరిహద్దు దాటి వెళ్లి పత్రాలు కొనుక్కొచ్చారు, వాటిని తెచ్చి తమ పాపసంకీర్తనాలు వినే గురువుకు చూపించారు.

ఆ గురువే లూథర్. 1483లో ఐస్లెబెన్‌లో పుట్టిన ఈ అగస్టీనియన్ సన్యాసి విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో బైబిలు బోధించేవాడు. 1517 అక్టోబరు 31న ఆల్‌బ్రెక్ట్‌కు లేఖ రాసి, దానికి 95 వాదాంశాలు జోడించాడు. ఆ లేఖ నేటికీ ఉంది. చర్చి తలుపుకు మేకులతో కొట్టాడన్న దృశ్యం మాత్రం చరిత్రకారుల మధ్య వాదంగానే ఉంది. ఆ విషయం రాసిన లూథర్ సహచరుడు మెలాంక్‌తన్ 1517లో విట్టెన్‌బర్గ్‌లో లేడు. పోపుకు అధికారం ఉంటే డబ్బు కోసం కాక ప్రేమకొద్దీ ఉత్తరించు స్థలాన్ని ఖాళీ చేయవచ్చు కదా అని జనం అడిగితే ఏం చెప్పాలని 82వ అంశం ప్రశ్నిస్తుంది. అందరూ గుర్తుపెట్టుకునేది అలాంటి అంశాలనే. నాకు మొదటి అంశం అంతకంటే ముఖ్యంగా తోస్తుంది. విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలన్నదే క్రీస్తు ఉద్దేశం అని అది చెబుతుంది.

దీని వెనుక ఒక అనువాద సమస్య ఉంది. చర్చి వాడే లాటిన్ బైబిల్లో యేసు ప్రకటన ‘ప్రాయశ్చిత్తం చేయండి’ అని అర్థమిచ్చేలా ఉంది. దాన్నిబట్టి గురువు ముందు పాపసంకీర్తనం, ఆయన విధించే ప్రాయశ్చిత్తం అన్న వ్యవస్థంతా బైబిల్లోనే ఉందని అనిపిస్తుంది. 1516లో పండితుడు ఎరాస్మస్ గ్రీకు కొత్త నిబంధనను అచ్చు వేయించాడు. అందులోని మూలపదం ‘మెటానోయియా’కు మనసు మారడం అని అర్థం. మన తెలుగు బైబిల్లోని ‘మారుమనస్సు’ అన్న మాట సరిగ్గా ఈ గ్రీకు పదం నీడలో పుట్టినదే. ఒక్క క్రియాపదం మారితే ఒక సంస్థ పునాది కదిలింది. మారుమనస్సుకు రసీదు రాసివ్వడం ఎవరికి సాధ్యం?

లూథర్‌ను అంతకుముందు నుంచీ పీడించిన ప్రశ్న ఇంకొకటి. నేను దేవుని ఎదుట నీతిమంతుణ్ని ఎలా అవుతాను? ఉపవాసాలు, జాగరణలు, గంటల తరబడి పాపసంకీర్తనాలు అన్నీ చేసి చూశాడు. ‘నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించును’ అని రోమా పత్రిక మొదటి అధ్యాయంలో ఉన్న మాట అతనికి దారి చూపింది. దేవుని నీతి అంటే శిక్షించే నీతి కాదు, ఉచితంగా ఇచ్చే నీతి అని అతను అర్థం చేసుకున్నాడు. తర్వాత తన జర్మన్ అనువాదంలో రోమా పత్రిక 3:28 దగ్గర ‘మాత్రమే’ అన్న మాట చేర్చి, విశ్వాసం వల్ల మాత్రమే అని రాశాడు. గ్రీకులో ఆ మాట లేదు. యాకోబు పత్రిక 2:24 విశ్వాసం మాత్రమే చాలదంటుందని కాథలిక్కులు ఎత్తి చూపారు. జర్మన్ నుడికారం ఆ మాటను కోరుతోందని, పౌలు భావం కూడా అదేనని లూథర్ 1530లో బదులిచ్చాడు.

ప్రశ్న మారిన రోజు

ఇంతవరకూ ఇది చర్చి లోపలి వాదమే. 1519లో లైప్జిగ్ వాదసభతో దాని స్వరూపం మారిపోయింది. కాథలిక్ పండితుడు యోహాన్ ఎక్ నేర్పరి. పత్రాల సంగతి పక్కన పెట్టి అధికారం దగ్గర పట్టుకున్నాడు. నీ మాటలు యాన్ హుస్ మాటల్లా ఉన్నాయన్నాడు. ప్రాగ్‌కు చెందిన హుస్‌ను 1415లో కాన్‌స్టన్స్ మహాసభ దుర్బోధకుడిగా తేల్చి సజీవంగా కాల్పించింది. హుస్ చెప్పినవాటిలో చాలా మాటలు నిజమైన క్రైస్తవ బోధలేనని లూథర్ ఒప్పుకున్నాడు. అంటే పోపు ఒక్కరే కాదు, మహాసభ కూడా పొరపాటు పడగలదని ఒప్పుకున్నట్టే. ఎక్ కోరుకున్నది ఆ మాటే. ఆ రోజు నుంచి తగాదా పత్రాల గురించి కాదు. బైబిలు అర్థం గురించి ఇద్దరు విభేదిస్తే తుది మాట ఎవరిదన్నదే ప్రశ్న.

1520 డిసెంబరు 10న లూథర్ తనను వెలి వేస్తామని హెచ్చరించిన పోపు శాసనాన్ని మంటల్లో వేశాడు. 1521 జనవరి 3న రోమ్ అతన్ని వెలి వేసింది. ఏప్రిల్‌లో వర్మ్స్ నగరంలో చక్రవర్తి ఐదవ చార్లెస్ ఎదుట నిలబెట్టి రాసినవి వెనక్కి తీసుకోమన్నారు. పోపులు, మహాసభలు తరచూ పొరపడ్డారని, తమ మాటను తామే ఖండించుకున్నారని, లేఖనంతోనో స్పష్టమైన తర్కంతోనో ఒప్పించకపోతే తన మనస్సాక్షి దేవుని వాక్యానికే బందీ అని లూథర్ జవాబిచ్చాడు. మరునాడు 21 ఏళ్ల చక్రవర్తి తన నిర్ణయం చదివి వినిపించాడు. వెయ్యేళ్ల క్రైస్తవ లోకమంతటికీ ఎదురు నిలిచే ఒక్క సన్యాసి తప్పక పొరబడి ఉండాలి అన్నది దాని సారం. మనం లూథర్ మాటను తలచుకున్నంతగా చార్లెస్ మాటను తలచుకోం. కానీ అది మొండి మాట కాదు. ఇన్ని తరాల పెద్దలూ తప్పు, నువ్వొక్కడివే ఒప్పు అని ఎలా నమ్మడం? ఒక పెద్ద కుటుంబంలో ఈ ప్రశ్న లేచినప్పుడు మనమూ తడబడతాం.

వార్ట్‌బర్గ్ కోటలో తలదాచుకుని లూథర్ కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చాడు. 1522 సెప్టెంబరులో అది అచ్చయింది. అంతకుముందు జర్మన్ బైబిలే లేదన్నది అపోహ. అప్పటికే 18 జర్మన్ ముద్రణలు ఉన్నాయి. అవి లాటిన్ నుంచి వచ్చిన బరువైన అనువాదాలు, లూథర్‌ది గ్రీకు నుంచి ఇంటి భాషలోకి వచ్చినది. ఆ అలే రెండు శతాబ్దాల తర్వాత మన దాకా వచ్చింది. జర్మనీలోని హాలే నుంచి తమిళనాడు తీరంలోని తరంగంబాడికి వచ్చిన లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగులోకి అనువదించాడు. 1746-47లో హాలేలో అతను అచ్చు వేయించిన చిన్న పుస్తకాలు తెలుగు ముద్రణ చరిత్రలో తొలి పుటలు. ఎవరి భాషలో వారు వాక్యం చదువుకోవాలన్న పట్టుదల లేకపోతే ఆ తెలుగు అక్షరాల అచ్చులు అక్కడ పోతపోసేవారు కాదు.

పుస్తకం ఒకటే, చదివేవారు ఎందరో

లేఖనమే ప్రమాణం అన్న మాట వినడానికి స్పష్టంగా ఉంది. 1529 అక్టోబరులో మార్‌బర్గ్ కోటలో అది పరీక్షకు నిలిచింది. జ్యూరిక్ సంస్కర్త జ్వింగ్లీ, లూథర్ ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరూ పోపును కాదన్నవారే, ఇద్దరూ లేఖనమే చాలన్నవారే. 15 అంశాల్లో 14 మీద ఏకాభిప్రాయం కుదిరింది. చివరిది ప్రభురాత్రి భోజనం. ‘ఇది నా శరీరం’ అని క్రీస్తు రొట్టె పట్టుకుని అన్న మాటకు అర్థం ఏమిటి? శరీరాన్ని సూచిస్తుందని జ్వింగ్లీ అన్నాడు. లూథర్ బల్ల మీద సుద్దతో ఆ వాక్యాన్ని లాటిన్‌లో రాసుకుని కూర్చున్నాడు, ‘ఇది నా శరీరం’ అంటే శరీరమే అన్నాడు. రెండు వైపులా మహా పండితులే. ఒకే పుస్తకం, ఒకే వాక్యం, పొత్తు కుదరలేదు.

రోమ్ వాదనకు ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు. వ్యాఖ్యానించే అధికారం ఒకచోట లేకపోతే ప్రతి చదువరీ ఒక పోపు అవుతాడని కాథలిక్కులు ముందే హెచ్చరించారు. ఇంకో వైపు లూథర్ వాదనకు సాక్ష్యం రోమ్ చరిత్రలోనే ఉంది. 1378 నుంచి 1417 వరకు పోపులమని చెప్పుకొనేవారు ఒకే కాలంలో ఇద్దరు, ఒక దశలో ముగ్గురు ఉన్నారు. తుది మాట చెప్పాల్సిన పీఠమే మూడు గొంతులతో మాట్లాడింది. నా దృష్టిలో ఈ సంఘర్షణలోని విషాదం ఇదే. సంస్థ పొరపడగలదన్నది నిజం. పుస్తకం తనంతట తాను వ్యాఖ్యానించుకోదన్నదీ నిజం. చెరొక నిజాన్ని పట్టుకున్నవారు రెండోదాన్ని చూడటానికి నిరాకరించారు.

తామే తిరుగుబాటుదారులైన సంస్కర్తలు తమ కంటే ముందుకు వెళ్లినవారి పట్ల దయ చూపలేదు. పెద్దయ్యాక తెలిసి తీసుకునే బాప్తిస్మమే బాప్తిస్మం అని 1525లో జ్యూరిక్‌లో కొందరు మొదలుపెట్టారు. వారిలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను 1527లో ఆ నగర పాలకులే లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. నేడు మన ఊళ్లలో బాప్టిస్టులు, పెంతెకొస్తు సంఘాలు నీళ్లలో ముంచి ఇచ్చే బాప్తిస్మం చూసేటప్పుడు నాకు ఆ నది గుర్తొస్తుంది. ఫ్రెంచి సంస్కర్త కాల్విన్ నాయకత్వంలో ఉన్న జెనీవా 1553లో స్పెయిన్ వేదాంతి సెర్వేటస్‌ను త్రిత్వాన్ని కాదన్నందుకు కాల్చింది. 1525లో జర్మన్ రైతులు వెట్టి నుంచి విడుదల కోరుతూ లేఖనాన్నే ఉదహరించినప్పుడు, లూథర్ వారిని నిర్దాక్షిణ్యంగా అణచమని దొరలకు రాశాడు. వేల మంది రైతులు ఊచకోతకు గురయ్యారు. 1543లో యూదుల మీద అతను రాసిన రాతలు చదవడానికే భయం వేస్తాయి. లూథరన్ సంఘాలే ఆ రాతలను తర్వాత త్రోసిపుచ్చాయి. లూథర్‌ను గౌరవించేవారు ఈ పుటలు దాటేసి గౌరవించకూడదు.

ప్రొటెస్టెంట్ అన్న పేరు 1529లో స్పైయర్ సభలో వచ్చింది. సంస్కరణకు అడ్డుకట్ట వేసే తీర్మానాన్ని ఆరుగురు రాజులు, 14 నగరాలు నిరసించాయి, అంటే ప్రొటెస్ట్ చేశాయి. పేరు పుట్టింది రాజుల సభలో అన్నది గమనించాలి. మఠాల భూములు, పన్నులు, చక్రవర్తి పెత్తనం నుంచి విడుదల అన్నీ ఆ నిరసనలో కలిసి ఉన్నాయి. ఇంగ్లండులో ఇది మరీ బాహాటం. లూథర్‌కు వ్యతిరేకంగా రాసి 1521లో పోపు నుంచి విశ్వాసరక్షకుడన్న బిరుదు పొందిన ఎనిమిదవ హెన్రీయే, విడాకుల తగాదాలో 1534లో తనే ఇంగ్లండు చర్చికి అధిపతి అయ్యాడు.

కలిసే దాకా వచ్చి

ఈ కథలో నన్ను అన్నిటికంటే కదిలించే ఘట్టం 1541 రీగెన్స్‌బర్గ్ సమావేశం. దాన్ని గురించి మనవాళ్లు అంతగా రాయరు. రోమ్ తరఫున కార్డినల్ కాంతారీని వచ్చాడు, లూథర్ లాంటి ఆత్మవేదననే యవ్వనంలో అనుభవించిన మనిషి. ఇటువైపు మెలాంక్‌తన్, స్ట్రాస్‌బర్గ్ సంస్కర్త బూట్సర్. ఎక్ కూడా బల్ల దగ్గర ఉన్నాడు. మనిషి దేవుని ఎదుట నీతిమంతుడిగా ఎలా తీర్చబడతాడన్న అంశం మీద, అంటే లూథర్ ప్రాణం పెట్టుకున్న అంశం మీద, వారు ఒక ఉమ్మడి వాక్యానికి ఒప్పుకున్నారు! అతుకుల బొంత అని లూథర్ దాన్ని తోసిపుచ్చాడు. రోమ్ కూడా ఆమోదించలేదు. సమావేశం విరిగింది మాత్రం ఆ అంశం దగ్గర కాదు, దివ్యసత్ప్రసాదంలో రొట్టె సారం క్రీస్తు శరీరంగా మారుతుందా అన్న దగ్గర, చర్చి అధికారం దగ్గర. కృప గురించి కలిసినవారు బల్ల దగ్గర, పీఠం దగ్గర విడిపోయారు.

తర్వాత వచ్చిన ట్రెంట్ మహాసభ మధ్యలో విరామాలతో 1545 నుంచి 1563 వరకు సాగింది. లేఖనాన్ని, అపొస్తలుల నుంచి వచ్చిన సంప్రదాయాన్ని సమానమైన భక్తితో స్వీకరించాలని 1546లో ప్రకటించింది. ప్రొటెస్టెంట్లు పక్కన పెట్టిన తోబితు, మక్కబీయుల వంటి గ్రంథాలు బైబిల్లో భాగమేనని తేల్చింది. 1547 శాసనం చదివితే ప్రొటెస్టెంట్లు ఆశ్చర్యపోతారు. కృప లేకుండా సొంత క్రియలతో నీతిమంతుడు కావచ్చు అనేవారిని కూడా అది ఖండించింది. కృప మనిషిని లోపలి నుంచి మారుస్తుందని, ఆ మార్పుకు మనిషి సహకరించాలని అది పట్టుబట్టింది. ప్రతి మేత్రాసనంలోనూ (బిషప్పు ఆధీనంలోని ప్రాంతంలోనూ) గురువులకు శిక్షణ ఇచ్చే గురువిద్యాలయం ఉండాలన్నదీ ఈ సభ నిర్ణయమే. 1540లో గుర్తింపు పొందిన జెస్యూట్ సభ ఈ నూతన ఉత్సాహాన్ని ఆసియా దాకా తెచ్చింది. 18వ శతాబ్దిలో రాయలసీమ పల్లెల్లో తిరిగిన ఫ్రెంచి జెస్యూట్ గురువులు ఆ వరుసలోనివారే.

రక్తపాతం గురించి ఎక్కువ రాయను. 1555 ఆగ్స్‌బర్గ్ ఒప్పందం ఏ సీమకు ఎవరు దొరో వారి మతమే ఆ సీమ మతం అంది. 1572 ఆగస్టులో పారిస్‌లో మొదలైన ఊచకోతలో వేల మంది ప్రొటెస్టెంట్లు చనిపోయారు. ఇంగ్లండులో మేరీ రాణి కాలంలో ప్రొటెస్టెంట్లను కాల్చారు, ఎలిజబెత్ కాలంలో కాథలిక్ గురువులను ఉరితీసి ముక్కలు చేశారు. 1618-48 ముప్పై ఏళ్ల యుద్ధం మతం పేరుతో మొదలై, కాథలిక్ ఫ్రాన్సు ప్రొటెస్టెంట్ స్వీడన్ పక్షాన నిలిచేదాకా వెళ్లింది.

రీగెన్స్‌బర్గ్‌లో జారిపోయిన వాక్యం 458 ఏళ్లకు దొరికింది. 1999 అక్టోబరు 31న, లూథర్ లేఖ రాసిన తేదీనే ఎంచుకుని, ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్ చర్చి, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల కాక కేవలం కృప వల్లనే, క్రీస్తు రక్షణకార్యం మీది విశ్వాసంలో దేవుడు మనల్ని స్వీకరిస్తాడని, మన హృదయాలను నూతనపరచే ఆత్మ సత్క్రియలకు పిలుస్తాడని అందులో ఉంది. 16వ శతాబ్దపు పరస్పర ఖండనలు ఈ బోధకు వర్తించవని ఇద్దరూ ఒప్పుకున్నారు. తర్వాత మెథడిస్టులు, కాల్విన్ సంప్రదాయ సంఘాలు కూడా చేరాయి.

అయినా ఒక ఆదివారం పూట లూథరన్ భార్య, కాథలిక్ భర్త ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకోవడానికి సాధారణ నియమం ఇప్పటికీ ఒప్పుకోదు. మన దగ్గర కూడా పెళ్లితో కలిసిన రెండు సంఘాల కుటుంబాలకు ఇది తెలిసిన బాధే. 2015 నవంబరులో పోపు ఫ్రాన్సిస్ రోమ్‌లోని లూథరన్ చర్చికి వెళ్లినప్పుడు, ఒక కాథలిక్‌ను పెళ్లాడిన లూథరన్ స్త్రీ లేచి సరిగ్గా ఇదే అడిగింది. ఆయన చాలాసేపు తడుముకుంటూ మాట్లాడారు. ఒకే బాప్తిస్మం, ఒకే ప్రభువు, ఒకే విశ్వాసం అన్నారు. ప్రభువుతో మాట్లాడి ముందుకు సాగండి అన్నారు. ఇంతకుమించి చెప్పే సాహసం చేయలేనని ఆగిపోయారు.